స్వర్ణముఖి వెంట ఒక రోజు: ఏ నెలలో పోవాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకూడదు

తిరుపతికి వచ్చేవాళ్లూ, తిరుపతిలోనే ఉంటూ ఏటివైపు ఎప్పుడూ పోనివాళ్లూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. స్వర్ణముఖిలో నీళ్లు ఎప్పుడుంటాయి? పిల్లల్ని తీసుకుపోవచ్చా? స్నానం ఎక్కడ చేయొచ్చు? ఒక్క రోజులో ఎంతవరకు చూడగలం? విడివిడిగా జవాబులు చెప్పే కంటే అన్నీ ఒకచోట వరసగా రాస్తే మేలనిపించింది.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఏరు జోరుగా పారుతున్నప్పుడు గట్టు మీదే ఉండండి, నీళ్లు తగ్గాకే ఏట్లోకి దిగండి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. వాన పడిందని తెలియగానే పరుగున పోయి నీళ్లలో దిగుతారు. నీళ్లు లేని రోజుల్లో మాత్రం ‘ఇసుక తప్ప ఏముంది అక్కడ’ అని అటు చూడరు.

1. ముందు ఏటి తీరు తెలుసుకోండి

స్వర్ణముఖి పాకాల దగ్గరి కొండల్లో పుట్టి, తూర్పుకు సుమారు 130 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. చంద్రగిరి దాటాక తొండవాడ దగ్గర భీమా, కల్యాణి ఏర్లు దీంట్లో కలుస్తాయి. అక్కణ్ణుంచి తిరుపతికి దక్షిణంగా, తిరుచానూరు పక్కగా, రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తి చేరుతుంది. ఆ తర్వాత నాయుడుపేట, చివరికి సముద్రం.

ఇది మంచు కరిగి పారే నది కాదు, ఏడాది పొడుగునా ఊట ఉండే నదీ కాదు. వాన పడితే పారుతుంది, లేకపోతే ఇసుక. అయితే వాన పడిన రోజే నీళ్లొస్తాయని కూడా అనుకోవద్దు. మన జిల్లాల్లో వంకలన్నీ గొలుసు చెరువులకు కట్టుబడి ఉంటాయి. మొదటి వానల్ని ఇసుకా, ఎండిన చెరువులూ తాగేస్తాయి. చెరువులు నిండి మరవ (అదనపు నీరు పొర్లిపోయే అలుగు) పారడం మొదలయ్యాకే అసలు నీరు ఏట్లోకి చేరుతుంది.

జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. అక్టోబరులో పెద్ద వాన పడినా ఏరు కదలకపోవచ్చు. అదే నవంబరు ఆఖర్లో, చెరువులన్నీ నిండి ఉన్నప్పుడు, అందులో సగం వాన పడినా గంటల్లో వరద దిగుతుంది. కాబట్టి ‘నిన్న ఎంత వాన పడింది’ అన్నదొక్కటే కాదు, ‘చెరువులు నిండాయా’ అని కూడా అడగాలి. దారిలో కనిపించే చెరువు మరవ మీద నీళ్లు దూకుతుంటే ఆ రోజు ఏట్లోకి దిగే ఆలోచన మానుకోండి.

2. నెలను బట్టి పని ఎంచుకోండి

*అక్టోబరు నుంచి డిసెంబరు వరకు:* ఈశాన్య రుతుపవనాల కాలం. తిరుపతికి అసలు వానలు ఇప్పుడే, అందులోనూ నవంబరులో ఎక్కువ. ఏటిని చూడ్డానికి బాగుంటుంది, దిగడానికి కాదు. వంతెన మీదో, ఎత్తైన గట్టు మీదో నిలబడి చూడండి. తుఫాను లేదా వాయుగుండం హెచ్చరిక ఉంటే అసలు బయల్దేరొద్దు. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు మునిగాయి, ఏటి గట్టున కట్టిన ఇళ్లు కోతకు కూలాయి. అంతకు ముందు రోజుల్లో అదే ఏటిని ‘ఎండిపోయింది’ అన్నవాళ్లే ఎక్కువ.

*జనవరి, ఫిబ్రవరి:* నన్నడిగితే ఇవే సరైన నెలలు. ఇసుక మధ్యలో సన్నటి పాయలు తేటగా పారుతుంటాయి, ఎండ తీవ్రత ఉండదు, పక్షులు కనిపిస్తాయి. కుటుంబంతో పోయేవాళ్లు కళ్లు మూసుకుని ఈ రెండు నెలల్లో పెట్టుకోవచ్చు. మహాశివరాత్రి రోజుల్లో మాత్రం శ్రీకాళహస్తివైపు రద్దీ విపరీతం, ఆ వారం వదిలేయండి.

*మార్చి నుంచి మే వరకు:* తెల్లవారుజామున మాత్రమే. ఎనిమిదిన్నరకే ఇసుక కాలుతుంది.

*జూన్ నుంచి సెప్టెంబరు వరకు:* పొద్దున పొడిగా ఉంటుంది, సాయంత్రం ఉరుములతో వాన రావచ్చు. నడక మధ్యాహ్నం లోపు ముగించుకోండి. ఆకాశం పడమర నల్లబడితే మీ నెత్తిన చినుకు పడకపోయినా గట్టెక్కండి. ఏటికి పై భాగం ఉన్నది అటువైపే.

3. ముందు రోజు చేయాల్సిన పనులు

వాతావరణం చూసేటప్పుడు అందరూ చేసే పొరపాటు తిరుపతి ఒక్కటే చూడడం. మీరు తిరుచానూరు దగ్గర నిలబడితే మీ కాళ్ల దగ్గరికి వచ్చేది పాకాల, చంద్రగిరి కొండల్లో పడిన వాన. అందుకని ఆ రెండు మండలాల అంచనా చూడండి.

రెండోది కల్యాణి డ్యాం. 1977లో కట్టిన ఈ డ్యాం తిరుపతికి, తిరుమలకు తాగునీరిస్తుంది. నిండిన ఏడాది గేట్లెత్తితే ఆ నీరు తొండవాడ దగ్గర స్వర్ణముఖిలోకే వస్తుంది. గేట్లెత్తే ముందు పత్రికల్లో, స్థానిక చానళ్లలో చెబుతారు, దండోరా కూడా వేయిస్తారు. ఆ వార్త ఉంటే ప్రయాణం వాయిదా వేయండి.

మూడోది, ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఏట్లోకి దారి ఎక్కడుందో చూసుకోండి. ట్రాక్టర్లు దిగిన బాటలు తెల్లటి గీతల్లా కనబడతాయి. అయితే ఆ ఫొటో పాతది కావచ్చు. పోయిన వానాకాలానికి పాయ అటు నుంచి ఇటు మారి ఉండొచ్చు. అక్కడికి పోయాక గట్టున పశువులు మేపే వాళ్లను ఒక్క మాట అడగండి, మ్యాప్ కంటే వాళ్ల మాటే నమ్మకం.

తీసుకుపోవాల్సినవి:

- మందపాటి అట్ట ఉన్న బూట్లు లేదా శాండిల్స్. గట్ల మీద సర్కారు తుమ్మ ఎక్కువ, దాని ముల్లు హవాయి చెప్పును సులువుగా దూసుకుపోతుంది.
- మనిషికి రెండు లీటర్ల తాగునీళ్లు. ఏటి నీళ్లు తాగడానికి కాదు.
- మీ భుజం ఎత్తు ఉండే గట్టి కర్ర.
- టోపీ లేదా తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు.
- దూది, డెటాల్, కట్టు గుడ్డ, ముల్లు తీసే చిమటా.
- పదిహేను, ఇరవై అడుగుల తాడు. దాని అవసరం పడకుండా ఉంటే అదృష్టం, పడితే అదే దిక్కు.
- చెత్త వెనక్కి తెచ్చుకోవడానికి ఒక సంచి.
- ఫోన్ ఫుల్ చార్జింగ్. అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108.

కాలికి పుండు గానీ, మానని గాయం గానీ ఉన్నవాళ్లు నీళ్లలో అడుగు పెట్టొద్దు. మురికి నీటి నుంచి ఎలుక జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

4. రోజును ఇలా పెట్టుకోండి

పై నుంచి కిందికి రండి. నడిచే పని ఎక్కువగా ఉన్నది చంద్రగిరి, తొండవాడ దగ్గర, అది చల్లటి పూట అయిపోవాలి. సాయంత్రానికి శ్రీకాళహస్తిలో కూర్చునే పనే మిగులుతుంది.

*పొద్దున 6 లోపు, తొండవాడ.* తిరుపతి నుంచి చంద్రగిరి రోడ్డులో దగ్గరే. ఏటి ఒడ్డున అగస్త్యేశ్వర స్వామి గుడి ఉంది, మూడు ఏర్లు కలిసే చోటు ఇదే. ముందు గట్టు మీద నిలబడి పాయ ఎటు పోతుందో, ఇసుక ఎక్కడ మెరక ఉందో ఐదు నిమిషాలు చూడండి. తర్వాత దిగి, గంటన్నర నడవండి.

*8 గంటలకు టిఫిన్, తర్వాత చంద్రగిరి కోట.* రాజమహల్లో ఉన్న పురావస్తు మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆ రోజు పోతే బయట నుంచి చూసి రావాల్సిందే. కొండ ఎక్కే ఉద్దేశం ఉంటే ఎండ ముదరక ముందే.

*11 నుంచి 3 వరకు నీడ పట్టున ఉండండి.* శ్రీనివాస మంగాపురం, తిరుచానూరు ఆలయాలు దారిలోవే. భోజనం, కునుకు కూడా ఇప్పుడే. ఇసుకలో మధ్యాహ్నం నడుస్తామని పంతం పట్టేవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు.

*తిరుపతి, రేణిగుంట మధ్య ఏటి ముక్కలో దిగకుండా ముందుకు పోండి.* ఊరి కాలువలు కలిసేది ఇక్కడే. నగరం మురుగును శుద్ధి చేసే ప్లాంటు తూకివాకం దగ్గర ఉంది. నీళ్లు పైకి ఎలా కనిపించినా ఈ భాగంలో కాలు కూడా పెట్టొద్దు. ఏడాదంతా నీళ్లు కనిపిస్తున్నాయి కదా అని ఇక్కడే ఫొటోలు దిగేవాళ్లున్నారు. ఎండాకాలంలోనూ ఆ నీళ్లు ఎందుకున్నాయో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది.

*3:30కి గుడిమల్లం.* ఏర్పేడు మండలంలో, పాపానాయుడుపేట మీదుగా పోవాలి. పరశురామేశ్వర స్వామి గుడి ఏటికి దగ్గర్లోనే ఉంది. పల్లె రోడ్డు, సొంత బండో ఆటోనో ఉంటే మేలు. బస్సును నమ్ముకుంటే సాయంత్రం చేజారిపోతుంది. ఇక్కడ ఏరు వెడల్పుగా, నెమ్మదిగా ఉంటుంది. ఫొటోలకైతే రోజు మొత్తంలో ఇదే మంచి చోటు.

*5 దాటాక శ్రీకాళహస్తి.* తిరుపతి నుంచి నేరుగా అయితే 40 కిలోమీటర్ల లోపే. ఇక్కడ ఏరు గుడికి పడమటి పక్కన ఉత్తర దిక్కుగా పారుతుంది. వంతెన మీద ఆగి చూడొచ్చు గానీ బండి మాత్రం వంతెన మీద ఆపకండి. తిరుపతికి బస్సులు రాత్రి వరకు వరసగా ఉంటాయి, రైలు కూడా ఉంది.

బండి లేనివాళ్లు తొండవాడ, చంద్రగిరి, శ్రీకాళహస్తి మూడూ బస్సుల్లోనే చేయొచ్చు. గుడిమల్లం ఒక్కటే కష్టం, దానికి ఏర్పేడు నుంచి ఆటో మాట్లాడుకోండి, రానూ పోనూ కలిపి. వెయిటింగ్ ఎంతసేపో ముందే తేల్చుకోండి.

5. ఇసుకలో నడిచే పద్ధతి

దిగేటప్పుడు పశువులు దిగే బాట పట్టండి. ట్రాక్టర్ బాట వెడల్పుగా, ఊరించేలా ఉంటుంది గానీ అది నేరుగా ఇసుక తవ్విన గుంతల దగ్గరికి పోతుంది. స్వర్ణముఖిలో నిజమైన ప్రమాదం ఈ గుంతలదే. పైన మోకాలి లోతు నీళ్లు పారుతుంటాయి, కింద రెండు నిలువుల గుంత ఉంటుంది. రంగులో తేడా తెలియదు. ఈత రాని పిల్లలు పోయేది పారే నీళ్లలో కంటే ఇలాంటి గుంతల్లోనే ఎక్కువ.

కాబట్టి నీళ్లు దాటేటప్పుడు వరస ఇది:

1. ముందు ఒక్కరే, పెద్దవాళ్లు, కర్రతో పొడుస్తూ నడవాలి.
2. కర్ర మూరెడు కంటే లోతు దిగితే అటు పోవద్దు.
3. మిగతావాళ్లు అదే అడుగుల్లో, వేరే దారి వెతక్కుండా రావాలి.
4. పాయ వంపు తిరిగిన చోట లోపలి పక్క దాటండి. బయటి పక్క నీళ్లు గట్టును కోస్తాయి, లోతు అక్కడే ఉంటుంది.
5. వంతెన కాళ్ల చుట్టూ దాటొద్దు. సుడి తిరిగి ఇసుక తొలుచుకుపోయి ఉంటుంది.

తడి ఇసుకలో కాలు పిక్క దాకా దిగిపోతే కంగారు పడి రెండో కాలితో తన్నకండి, అదీ దిగిపోతుంది. వెనక్కి వాలి కూర్చోండి, బరువు పంచుకుంటుంది. కాలిని అటూ ఇటూ కదిపి సందులోకి నీళ్లు పోనిచ్చి, మెల్లగా లాగండి. తాడు తెచ్చుకోమన్నది ఇందుకే.

పిల్లలతో పోతే ఒక చెలమ తీయండి. వాళ్లకు నీళ్ల ఆట కంటే ఇదే ఎక్కువ నచ్చుతుంది. పాయకు నాలుగడుగుల దూరంలో, తడిగా కనిపించే ఇసుకలో మోచేతి లోతు చేత్తో తోడండి. అంచులు కూలుతుంటాయి, వెడల్పు చేసుకుంటూ పోండి. మొదట ఊరేవి మట్టి నీళ్లు. వాటిని దోసిలితో తోడి పారబోయండి, మళ్లీ ఊరుతాయి, మళ్లీ తోడండి. మూడో నాలుగో సారికి పక్కల ఇసుకలోంచి సన్నగా నీళ్లు జారుతూ అడుగు కనిపించేంత తేటగా నిలుస్తాయి. ఒకప్పుడు ఎండాకాలంలో ఏటి పక్క పల్లెల తాగునీళ్లు ఇవే. ఇప్పుడు మాత్రం చూసి ఆనందించడానికే, తాగొద్దు. పోయేటప్పుడు గుంత పూడ్చండి, రాత్రి పశువు కాలు పడితే విరుగుతుంది.

మార్చి నుంచి ఆగస్టు వరకు ఇంకో జాగ్రత్త. ఒక తీతువు పిట్ట నెత్తిమీద తిరుగుతూ గోల గోలగా అరుస్తోందంటే మీరు దాని గుడ్ల దగ్గర ఉన్నారన్నమాట. అది గూడు కట్టదు. గులకరాళ్ల మధ్యే మామూలుగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చలతో, రాళ్ల రంగులోనే ఉంటాయి, కాలు వేసే దాకా కనబడవు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పోండి. ఫొటో కోసం అక్కడే నిలబడితే పిట్ట గుడ్ల మీదికి రాలేదు, ఆ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి.

6. స్నానం చేయాలంటే

జనవరి, ఫిబ్రవరిల్లో, తిరుపతికి పైన, తేటగా పారే పాయలో, మోకాలి లోతు మించని చోట. ఇంతకు మించి చెప్పడానికి లేదు. నిలవ నీటి మడుగుల్లో వద్దు. ఈత కొట్టాలనుంటే ఈ ఏరు అందుకు కాదు. పడవ షికారుకీ కాదు.

నీళ్లలో ఉన్నంతసేపు ఒకరు గట్టు మీద ఉండి పైవైపు చూస్తూ ఉండాలి. వరద వచ్చే ముందు ఏరు చెబుతుంది:

- తేట నీరు ఉన్నట్టుండి ఎర్రమట్టి రంగుకు తిరగడం
- పుల్లలు, ఎండుటాకులు, నురుగు కొట్టుకురావడం
- పాయ చప్పుడు మారడం, అంచు మీరు పెట్టిన గుర్తు దాటి పైకి రావడం

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దగ్గరి గట్టెక్కండి. చెప్పులు అవతలి గట్టున ఉన్నాయనో, బ్యాగు అక్కడుందనో ఏరు దాటొద్దు. ప్రాణాలు పోయేది ఆ దాటడంలోనే.

నీళ్లు పారుతున్న కాజ్‌వే మీద బండి నడపొద్దు. జోరుగా పారే అర అడుగు నీళ్లు మనిషిని పడేస్తాయి, అడుగు నీళ్లు చిన్న కారును తోసేస్తాయి. పైగా కింద సిమెంటు ఉందో కొట్టుకుపోయిందో పై నుంచి తెలియదు. ముందు పోయిన ఆర్టీసీ బస్సును చూసి మీ బైకు దించకండి, దాని బరువు వేరు.

7. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

*కారు ఇసుకలో దిగబడడం.* ఫొటో కోసం ఏట్లోకి కారు దింపుతారు, అది కూరుకుపోతుంది. ఎక్సలేటర్ తొక్కే కొద్దీ చక్రం గుంత తీసుకుంటుంది. వెంటనే ఆపండి. అందరూ దిగండి. చక్రాల ముందూ వెనకా ఇసుక చేత్తో తీసేయండి. టైర్లలో గాలి 30 పీఎస్ఐ ఉంటే 20 దాకా తగ్గించండి. కారులోని రబ్బరు మ్యాట్లు చక్రాల కింద దూర్చండి. వచ్చిన జాడలోనే రివర్స్‌లో, మెల్లగా బయటికి రండి. రోడ్డెక్కాక పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా నడిపి గాలి పట్టించండి. ఇదంతా పడలేం అంటే గట్టు మీదే ఆపి నడిచి పోండి.

*కల్యాణి డ్యాం వెనక అడవిలోకి పోవడం.* డ్యాం పక్కనే పోలీసు శిక్షణ కళాశాల, వెనకంతా శేషాచలం అడవి. చిరుతలు, ఏనుగులు తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. భుజాన పెద్ద బ్యాగుతో ఆ అంచుల్లో తిరిగితే ఎర్రచందనం కోసం వచ్చారేమోనని ప్రశ్నించే అవకాశం కూడా ఉంది. సరదాగా వచ్చామని చెప్పి నమ్మించడం అంత తేలిక కాదు.

*ఏట్లో వంట, మందు పార్టీ.* వంట మానేసి పొట్లాలు తెచ్చుకోండి. ఇసుకలో కప్పిన నిప్పు చాలాసేపు ఆరదు, వెనక వచ్చే పిల్లాడి కాలు కాలుతుంది. పగిలిన సీసా ముక్క ఇసుకలో ఏళ్ల తరబడి ఉంటుంది. మందు తాగినవాళ్లను నీళ్ల దగ్గరికి రానివ్వకండి, మొహమాటం వద్దు.

*చేపలకు గాలం వేయడం.* చెరువుల్లో చేపల హక్కు వేలంలో పాడుకున్న వాళ్లకో, సొసైటీకో ఉంటుంది. అడగకుండా గాలం వేస్తే గొడవే. ఏటి పాయల్లో అయినా ఆ ఊరివాళ్లను అడిగి వేయండి.

*చీకటి పడే దాకా ఇసుకలో కూర్చోవడం.* గట్టు తుమ్మల్లో పాములుంటాయి. సూర్యుడు కొండ చాటుకు పోకముందే గట్టెక్కండి, లేదంటే టార్చి తప్పనిసరి.

8. శ్రీకాళహస్తి దాటి పోవాలనుకుంటే

ఒకే రోజులో వద్దు. నాయుడుపేట వైపు ఏరు పొలాల మధ్య పోతుంది, దిగడానికి బాటలు తక్కువ. అటు పోయేవాళ్లు నాయుడుపేటలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే నేలపట్టు పక్షుల కేంద్రం చూసుకుంటే ప్రయాణానికి న్యాయం జరుగుతుంది. చలికాలం ఆఖర్లో గూడబాతులు అక్కడే ఉంటాయి.

9. బయల్దేరే ముందు ఆఖరి చెక్‌లిస్ట్

- పాకాల, చంద్రగిరి మండలాల్లో నిన్నా ఇవాళా భారీ వాన లేదు
- కల్యాణి డ్యాం గేట్ల గురించి వార్త లేదు
- దారిలో చెరువులు మరవ పారడం లేదు
- ఎక్కడికి పోతున్నామో, ఎప్పుడొస్తామో ఇంట్లో ఒకరికి చెప్పాం
- శుక్రవారమా? అయితే మ్యూజియం లేదు
- నీళ్లు, కర్ర, తాడు, సంచి బండిలో ఉన్నాయి
- ఈత వచ్చిన పెద్దవాళ్లు గుంపులో కనీసం ఒకరున్నారు

డ్యాం గేట్ల వార్త ఉంటే ప్రయాణమే వాయిదా వేయండి. వాన దగ్గరో, చెరువుల దగ్గరో తేడాగా ఉంటే తొండవాడ నడక తీసేసి, నేరుగా కోటకు పోండి. అక్కడ మధ్యాహ్నం దాకా గడిపి, గుడిమల్లం పల్లె రోడ్డు వదిలేసి మెయిన్ రోడ్డు మీదుగానే శ్రీకాళహస్తి చేరుకోండి. ఏటిని వంతెన మీద నుంచే చూసి రండి.